వరహాలమ్మ గారి మేడమీది మరుగుదొడ్డి

కోటరేవు పాతవీధుల్లో ఎవరైనా గోడకి మేకు కొట్టుకోవాలంటే ముందుగా వారసత్వ పరిరక్షణ సమితి అభిప్రాయం తీసుకోవాలి. ఇది నేను వెటకారానికి అంటున్న మాట కాదు. మునిసిపాలిటీ వారు చేసిన తీర్మానంలోనే ఉంది. "మేకు, మర, కొక్కెము, తత్సమానమైన ఇతర లోహ వస్తువులు" అని స్పష్టంగా రాశారు.

ఒకప్పుడు కోటరేవు మంచి రేవే. కాలవలో ధాన్యం పడవలూ కొబ్బరికాయల పడవలూ బారులు తీరి ఉండేవట. తర్వాత రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి, కాలవ పూడింది. పడవల యజమానులు కట్టుకున్న ఇళ్ళు మాత్రం మిగిలాయి. వాటిలో కాపరం ఉన్నవాళ్ళకి అవి కారుతున్న ఇళ్ళు. సమితి వారికి వారసత్వం. సమితి సభ్యులెవరూ వాటిలో కాపరం ఉండరు కాబట్టి వాటి అందం వాళ్ళకి తేటగా కనిపించేది.

అధ్యక్షులు ఓరుగంటి భుజంగరావు గారు సహకార శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కాలవ అవతల కొత్త కాలనీలో, లిఫ్టున్న అపార్టుమెంటులో ఉంటారు. పాతగోడల చెమ్మ వాళ్ళావిడకి పడదు. కార్యదర్శి హైమవతి గారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇద్దరూ మంచివాళ్ళు. ఎవరి దగ్గరా పైసా ఆశించరు, మీటింగుల్లో టీ కూడా సొంత ఖర్చుతో తాగుతారు. ఊరంటే ప్రాణం పెడతారు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

బస్సుల కూడలిలో షెల్టరు కడతామంటే సమితి ఇలా అభిప్రాయపడింది: "ప్రయాణికులు ఎండలో నిలబడి నిరీక్షించుట ఈ కూడలి యొక్క చారిత్రక స్వరూపములో భాగమైయున్నది." మురుగుకాలవల మీద పలకలు వేస్తామంటే, "తెరచియున్న కాలువ మన పూర్వీకుల నిష్కపట జీవనమునకు సంకేతము" అంది. జనం కాసేపు నవ్వుకున్నారు. తర్వాత ఎండలో నిలబడ్డారు, కాలవలు దాటుకుంటూ నడిచారు. అలా అలవాటు పడ్డారు.

అలవాటు పడలేకపోయింది వరహాలమ్మ గారు.

పడవలవారి వీధిలో, కింద పిండిమర, పైన కాపరం ఉన్న మేడ ఆవిడది. మర నడిపేది కొడుకు త్రిమూర్తులు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కింద పిండి లేస్తూ, మోటారు మోగుతూ ఉంటుంది కాబట్టి మనుషులు ఉండేది పైనే. మరుగుదొడ్డి మాత్రం దొడ్లో ఉంది. దానికి వెళ్ళాలంటే గోడనానుకుని బయటవైపు ఉన్న ఇటికెల మెట్లు దిగాలి. ఆ మెట్లు ఎంత సన్నమంటే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి పోవాల్సిందే. పట్టుకోడానికి పైనుంచి కింది దాకా కొబ్బరితాడు కట్టి ఉంటుంది.

వరహాలమ్మ గారికి ఎనభై దాటాయి. మోకాళ్ళు మొండికేశాయి. శ్రావణమాసంలో ఒకనాడు వానలో దిగుతూ జారి మెట్ల మీద కూలబడింది. ఎముకలేమీ విరగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ మంచినీళ్ళు తాగడం తగ్గించింది. మజ్జిగ మానేసింది. సాయంత్రం కాఫీ కూడా వద్దంది.

ముందుగా కనిపెట్టింది కోడలు రత్నకుమారి.

"మీ అమ్మగారు నీళ్ళు తాగట్లేదండి," అంది భర్తతో. "దిగాల్సొత్తదని భయం. నిన్న కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నించున్నారు. డాక్టరు గారేమో నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయంటున్నారు."

త్రిమూర్తులు మర ఆపేసి తల్లి దగ్గరికెళ్ళాడు. "ఏమ్మా, నీళ్ళెందుకు తాగట్లేదు?" అన్నాడు.

"దాహం లేదురా," అంది వరహాలమ్మ గారు పొడిబారిన పెదాలతో.

మర్నాడే త్రిమూర్తులు మేస్త్రీని తీసుకొచ్చి, మేడమీద వెనకవైపు మూలలో లెట్రిన్ కట్టడానికి కొలతలు వేయించాడు. ఆ కొలతలు పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్ళాడు.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు జోగినాయుడు గారు కాగితం చూసి, "మంచి పని చేస్తున్నారండీ. తల్లికి ఆ మాత్రం చెయ్యాలి. నాకైతే ఏ అభ్యంతరమూ లేదు," అన్నాడు.

"అయితే సంతకం పెట్టండి బాబూ."

"అభ్యంతరం లేని వాడి సంతకం చెల్లదండీ. అభ్యంతరం పెట్టేవాళ్ళు సమితిలో ఉన్నారు. వాళ్ళ చేత లేదనిపించుకు రండి."

సమితి సమావేశం భుజంగరావు గారి అపార్టుమెంటు హాల్లో జరిగింది. ఏసీ చల్లగా వీస్తోంది. గోడకి కోటరేవు పాత ఫొటోలు వరసగా వేలాడుతున్నాయి. ఆ గోడకి ఎన్ని మేకులైనా కొట్టుకోవచ్చు, ఎందుకంటే అది కొత్తది. త్రిమూర్తులు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"తమరి ప్రతిపాదనలో ఒక పైపు కనబడుచున్నది," అన్నారు భుజంగరావు గారు కళ్ళజోడు సవరించుకుంటూ.

"ఉందండి. అది లేకపోతే కిందికెలా వత్తదండి?"

"సదరు పైపు వీధిలోంచి కనబడుతుంది. వీధి దృశ్యానికి భంగం."

"వెనకవైపు ఏయిత్తానండి."

"వెనుకవైపు కాలువ. కాలువలోంచి కనబడుతుంది."

"కాలవలో పడవల్లేవు కదండీ. చూసేదెవరండి?"

భుజంగరావు గారు కిటికీలోంచి దూరంగా చూశారు. కళ్ళు మెరిశాయి. "మళ్ళీ వస్తే?" అన్నారు.

అంత ఆశగా అడిగిన మనిషికి రావని చెప్పడానికి త్రిమూర్తులుకి నోరు రాలేదు. వారం తిరక్కుండా అభిప్రాయం వచ్చింది: "పైపు లేని మరుగుదొడ్డిని ప్రతిపాదించినచో సానుభూతితో పరిశీలించగలము. ఈలోగా సమితి సభ్యులు స్థలమును స్వయముగా సందర్శించెదరు."

సందర్శించారు. తెల్లారి ఎండ ఇంకా ఎక్కకముందే భుజంగరావు గారు, హైమవతి గారు, మరి కొందరు సభ్యులు కెమెరాలతో దొడ్లోకి వచ్చి నిలబడ్డారు. సరిగ్గా అదే సమయానికి పైన వరహాలమ్మ గారు బయల్దేరింది. ఒక చేత్తో ఇత్తడి చెంబు, రెండో చేత్తో కొబ్బరితాడు. ఒక మెట్టు దిగి "రామా" అంటుంది. ఆగుతుంది. ఇంకో మెట్టు దిగి "రామా" అంటుంది. సభ్యులు ఊపిరి బిగబట్టి చూశారు. ఆవిడ కింది మెట్టుకి చేరేసరికి హైమవతి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత లయ ఉందండీ ఆ దిగడంలో!" అన్నారావిడ.

"శతాబ్దాల లయ," అన్నారు భుజంగరావు గారు.

"మోకాళ్ళ నెప్పులండి," అన్నాడు త్రిమూర్తులు.

ఎవరూ వినిపించుకోలేదు. రెండో అభిప్రాయం మొదటిదానికన్నా నిడివిగా వచ్చింది. ప్రాతఃకాలమున గృహిణి చెంబుతో సోపానములు దిగు ఆచారము కోటరేవున ఇక్కడ ఒక్కచోటనే సజీవముగా మిగిలియున్నదనీ, ఇది అమూర్త వారసత్వమనీ, మేడపై మరుగుదొడ్డి నిర్మించినచో ఈ ఆచారము అంతరించిపోవుననీ, కావున ప్రతిపాదనను తీవ్రముగా వ్యతిరేకించడమైనదనీ అందులో ఉంది.

"అమూర్తమంటే ఏంట్రా?" అని అడిగింది వరహాలమ్మ గారు.

"కంటికి కనపడందంటమ్మా."

"కనపడందాన్ని చూడ్డానికి అంతమంది ఎందుకొచ్చారు?"

ఆ తర్వాత ఆదివారం ఇంకా ఎక్కువమంది వచ్చారు. సమితి వారు ప్రతి ఆదివారం పాతవీధుల్లో వారసత్వ నడక అని ఒకటి జరుపుతారు. అందులో వరహాలమ్మ గారి మెట్లని కూడా చేర్చారు. టోపీలు పెట్టుకున్న కాలేజీ పిల్లలూ, మెళ్ళో కెమెరాలు వేలాడేసుకున్న పెద్దమనుషులూ దొడ్లో అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. వరహాలమ్మ గారు సగం మెట్లు దిగి, వాళ్ళని చూసి ఆగిపోయింది.

"బాబూ, మీరంతా అటు తిరగండి," అంది.

అందరూ గోడవైపు తిరిగారు. "ఇది కూడా ఆచారంలో భాగమే," అని హైమవతి గారు గోడకి వివరించారు.

ఆ పూట వరహాలమ్మ గారు దొడ్లోంచి తిరిగొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. రత్నకుమారి కాఫీ తెచ్చింది. వద్దంది. అన్నం పెడతానంది. వద్దంది.

"నాకు సిగ్గుగా ఉందే," అంది చివరికి. "పెళ్ళయిన కాణ్ణుంచీ తెల్లారకుండా వెళ్ళొచ్చేదాన్ని, ఎవరి కంటా పడకుండా. ఇప్పుడీ వయసులో ఊరందరి ముందూ..." కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. అత్తగారు ఎవరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం రత్నకుమారి అంతకుముందు చూడలేదు.

త్రిమూర్తులు కనీసం మెట్లకి ఇనప కమ్మీ పెట్టిస్తానని సమితిని బతిమాలాడు. కమ్మీ ఉంటే ఆవిడ తొందరగా దిగిపోతారనీ, లయ దెబ్బతింటుందనీ జవాబొచ్చింది.

ఇక లాభం లేదని రత్నకుమారి తనే మునిసిపాలిటీకి వెళ్ళి జోగినాయుడు గారి ముందు నిలబడింది. మొత్తం చెప్పింది. జోగినాయుడు గారు చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అసలు మీరు దరఖాస్తులో 'కొత్తగా కట్టుటకు' అని ఎందుకు రాశారమ్మా? ఆ మాట వింటే వాళ్ళకి జ్వరం వస్తుంది. పూర్వం ఉండేది, పడిపోయింది, పునరుద్ధరిస్తున్నాం అనాలి."

"పూర్వం లేదు కదండీ?"

"లేదని ఎవరికి తెలుసు?"

"మా అత్తయ్యగారికి తెలుసండి."

"ఇంకెవరికి?"

రత్నకుమారి ఆలోచించింది. వీధిలో అత్తగారికన్నా పెద్దవాళ్ళు లేరు. "ఇంకెవరికీ తెలీదండి," అంది.

"అయితే ఆవిడకేం గుర్తుందో సమితి వారినే వచ్చి అడగమనండి," అని జోగినాయుడు గారు మరో ఫైలు తెరిచాడు.

కబురు వెళ్ళిన మర్నాడే హైమవతి గారు రికార్డు చేసే ఫోనుతో, భుజంగరావు గారు కొత్త పెన్నుతో వచ్చి వరహాలమ్మ గారి మంచం ముందు కూర్చున్నారు. త్రిమూర్తులు గుమ్మంలో నిలబడ్డాడు. తల్లికి అబద్ధం ఆడ్డం రాదని అతని భయం.

"అమ్మా, ఈ మేడమీద పూర్వం ఒక మరుగుదొడ్డి ఉండేదని విన్నాం," అన్నారు హైమవతి గారు.

"ఉండేదమ్మా. మా మావగారిది. ఆయన తప్ప ఇంకెవరూ వెళ్ళేవోరు కాదు."

"ఏ ముఖంగా ఉండేదో గుర్తుందా?"

"కాలవ మొకంగా. అక్కడ కూకుని తన పడవలన్నీ చూసుకునేవోరు. ఏ పడవొచ్చింది, ఏది రాలేదు, అన్నీ అక్కడ్నుంచే. ఓసారి సరంగు పడవని ఇంకోడి రేవులో కట్టేత్తంటే లోపల్నుంచే కేకేశారు. ఆ కేకకి సరంగు నీళ్ళలో పడ్డాడు."

"అంటే కిటికీ ఉండేదన్న మాట!"

"కిటికీ లేకపోతే కేకెలా ఇనపడుద్దమ్మా?"

త్రిమూర్తులుకి చెమటలు పట్టాయి. వాళ్ళ తాత పోయాకే వాళ్ళ నాన్న ఈ మేడ వేశాడని అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. తల్లి దగ్గరికి వంగి, "అమ్మా, తాతయ్య ఉండగా మేడే లేదు కదా," అని గొణిగాడు.

"నువ్వు పుట్టకముందు సంగతి నీకేం తెలుసురా?" అంది వరహాలమ్మ గారు గట్టిగా. "వాడికి ఇవన్నీ తెలీవు బాబూ," అంది భుజంగరావు గారితో.

ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు. "హైమవతి గారూ, మనం దీన్ని మరుగుదొడ్డి అనుకుంటున్నాం. కాదండీ. ఇది రేవు పర్యవేక్షణ కేంద్రం!"

అక్కడి నుంచి పని పరుగులు పెట్టింది. ఇన్నాళ్ళూ అడ్డుపడిన సమితే మునిసిపాలిటీకి రోజుకోసారి ఫోను చేసి ఎందుకు ఆలస్యమవుతోందని గద్దించింది. జోగినాయుడు గారు సంతకం పెట్టేశాడు. షరతులు చాలా వచ్చాయి. గోడలకి సున్నపు గారే వెయ్యాలి, తలుపు పాత టేకుది కావాలి, కిటికీ కాలవవైపే ఉండాలి. పైపు విషయంలో అభిప్రాయం ఇలా ఉంది: "పైపు మూలకట్టడములో అంతర్భాగము. కావున అది వీధిలోంచి స్పష్టముగా కనబడవలెను." త్రిమూర్తులు మర్యాదగా వెనకవైపు దాచిన పైపుని ఊడదీయించి ముందువైపు వేయించాడు. దానికి జేగురురంగు కూడా కొట్టించారు.

పని పూర్తయిన రోజు వరహాలమ్మ గారు చూసి మురిసిపోయింది. లోపల తెల్లటి కమోడు, గోడకి పట్టుకోడానికి చెక్క పిడి, కిటికీలోంచి కాలవ గాలి. "రేపట్నుంచి రెండు గ్లాసుల మజ్జిగ తాగుతానే," అంది కోడలితో.

మర్నాడు పొద్దున్న తలుపుకి తాళం వేసి ఉంది. పక్కన బోర్డు కూడా ఉంది: "రక్షిత కట్టడము. గోడలపై వ్రాయరాదు. ఉమ్మివేయరాదు. ఏ విధముగానూ ఉపయోగించరాదు."

త్రిమూర్తులు సైకిలేసుకుని భుజంగరావు గారింటికి పరిగెత్తాడు.

"వాడుకోడానికి కట్టుకున్నానండి!"

"వాడితే అరిగిపోతుంది కదయ్యా," అన్నారాయన అనునయంగా. "పడవల కాలం నాటిది. మన తరంలో పాడైతే ముందుతరాలకి ఏం జవాబు చెబుతాం?"

"పడవల కాలంది కాదండి. బుధవారం నాటిది."

"పునరుద్ధరించిన క్షణం నుంచీ దాని వయసు మూలకట్టడం వయసే. నియమం అది."

తాళంచెవి ఆయన బీరువాలోనే ఉండిపోయింది. వరహాలమ్మ గారు మళ్ళీ కొబ్బరితాడు పట్టుకుంది. అయినదానికీ కానిదానికీ త్రిమూర్తులు మర దగ్గర జనం మీద విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఇంతలో పొరుగూరి సమితి వారు ఈ కట్టడాన్ని చూడ్డానికి వస్తున్నారనీ, ఆ రోజు తాళం తీస్తారనీ రత్నకుమారికి తెలిసింది.

వాళ్ళు వచ్చేసరికి బాగా ఎండెక్కింది. ఎగువరేవు సమితి అధ్యక్షులు డాక్టరు సోమసుందరం గారు పెద్దవయసు మనిషి, పెద్ద శరీరం. ఆయన్ని ఆ సన్నటి మెట్ల మీదుగా ముందొకరు లాగి, వెనకొకరు నెట్టి పైకి చేర్చారు. రత్నకుమారి అందరికీ కొబ్బరినీళ్ళిచ్చింది. ఎండన పడి వచ్చారంటూ రెండోసారీ ఇచ్చింది. వద్దన్నవాళ్ళకి మజ్జిగిచ్చింది. భుజంగరావు గారు తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, రేవు చరిత్ర మొదటి నుంచి ఎత్తుకున్నారు. పడవల రాకపోకలయ్యాయి, సరంగు నీళ్ళలో పడ్డం అయింది, కిటికీ దగ్గరికొచ్చారు. డాక్టరు గారు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ వింటున్నారు.

అప్పుడు వరహాలమ్మ గారు లేచింది. చెంబు తీసుకుంది. జనం మధ్యలోంచి "తప్పుకోండి బాబూ, తప్పుకోండమ్మా" అంటూ మెల్లిగా నడిచి, ఉపన్యాసం చెబుతున్న భుజంగరావు గారి పక్కనుంచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

భుజంగరావు గారు తలుపు మీద గౌరవంగా తట్టారు.

"అమ్మా, అది రక్షిత కట్టడం!"

"భయం లేదు బాబూ," అంది లోపల్నుంచి వరహాలమ్మ గారు. "గడియేసుకున్నాను."

"అది కాదమ్మా, దాన్ని ఉపయోగించకూడదు!"

"మాట్లాడకండి బాబూ కాసేపు. నాకు సిగ్గు."

హైమవతి గారు అందరికన్నా ముందు గోడవైపు తిరిగారు. ఆవిడ మొహం ఎర్రబడింది. ఆ ఆదివారం పెద్దావిడ అటు తిరగమన్నది ఎందుకో ఇప్పుడు తెలిసొచ్చినట్టుంది. నెమ్మదిగా మిగతావాళ్ళూ తిరిగారు.

డాక్టరు సోమసుందరం గారు తిరగలేదు. ఆయన తలుపునే చూస్తున్నారు. నుదుటి మీద చెమట తుడుచుకుని, "భుజంగరావు గారూ, నాకు షుగరుంది," అన్నారు.

"అయ్యో, అలాగా," అన్నారు భుజంగరావు గారు.

"ఆ మెట్లు నేను మళ్ళీ దిగే లోపల కథ అయిపోతుంది. ఆవిడ వచ్చాక నన్ను పంపండి."

ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన వెనక ఎగువరేవు కోశాధికారి నిలబడ్డారు. ఆయన వెనక మరొకరు. కొబ్బరినీళ్ళు తాగిన వాళ్ళంతా వరసలోకి వచ్చారు. భుజంగరావు గారు బోర్డుని చూశారు, వరసని చూశారు, దూరంగా ఉన్న మెట్లని చూశారు. ఆయనా రెండు గ్లాసులు తాగారు. కండువా సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వచ్చి చివర్న నిలబడ్డారు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టి సమితి కొత్త అభిప్రాయం ప్రకటించింది: "మూలకట్టడము ఏ ప్రయోజనార్థము నిర్మింపబడెనో ఆ ప్రయోజనమునకు నిరంతరము వినియోగించుటయే ఉత్తమ పరిరక్షణ విధానమని అనుభవపూర్వకముగా గ్రహించడమైనది." బోర్డు తీసేశారు. తాళంచెవి హైమవతి గారే స్వయంగా తెచ్చి వరహాలమ్మ గారి చేతిలో పెట్టి, ఆవిడ చెయ్యి కాసేపు పట్టుకుని కూర్చున్నారు.

"మజ్జిగ తాగుతావా అమ్మా?" అంది వరహాలమ్మ గారు.

నెల తిరిగేసరికి పడవలవారి వీధిలో ప్రతి ఇంటి నుంచీ పునరుద్ధరణ దరఖాస్తు వచ్చింది. అందరి తాతలూ మేడమీద నుంచే పడవలు చూసుకునేవారని తేలింది. మేడలు లేని ఇళ్ళవాళ్ళ తాతలు కూడా. జోగినాయుడు గారు అన్నిటి మీదా సంతకాలు పెట్టాడు. పూర్వం కోటరేవులో పారిశుద్ధ్యం ఎంత ఉన్నతస్థాయిలో ఉండేదో రాస్తూ భుజంగరావు గారు ఒక వ్యాసం మొదలుపెట్టారు. అది పుస్తకమయ్యేలా ఉంది.

మొన్న పొద్దున్న రత్నకుమారి వంటింట్లో ఉండగా వాన మొదలైంది. కాసేపట్లోనే పెద్దదైపోయింది. దొడ్డంతా నీళ్ళు నిలిచాయి, ఇటికెల మెట్ల మీంచి ఎర్రనీళ్ళు జారుతున్నాయి. ఆమె అలవాటు కొద్దీ గొడుగు అందుకుని గబగబా బయటికొచ్చేసరికి, మేడమీద టేకు తలుపు తెరుచుకుని వరహాలమ్మ గారు ఇవతలికి వచ్చింది. పొడి చీర, పొడి పాదాలు. తడిసిపోతున్న దొడ్డివైపు ఆశ్చర్యంగా చూసింది.

"వానెప్పుడు మొదలైందే?" అంది. "నాకు తెలియనే లేదు."